గురుపూజకు తగిన కాలము

తెలుగుదేశమున సంగీత విద్వాంసుల పేర జరుగు ఉత్సవములలో ఆరాధనలే అధికము. ఆరాధన యనగా దేహయాత్ర చాలించిన మహనీయుని పుణ్యతిథి. పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజస్వామిని స్మరింపని తెలుగు సంగీత సమాజము అరుదు. ఈ ఆచారము మిక్కిలి ఉదాత్తమైనది. కాని దీనియందొక లోపము కలదు. పూజలందుకొనువాడు ఆ పూజను చూడడు. తన విద్య ఎవరి కంఠమున నిలిచినదో, ఎవరి వ్రేళ్లలో పలుకుచున్నదో వినడు. బ్రతికియున్న గురువునకు, చిరకాలము ప్రక్కన గూర్చుండి వాయించిన సహచరునకు కృతజ్ఞత తెలుపుకొనుట మరియొక ధర్మము. ఈ ధర్మమును సకాలమున పాటించినవారును, ఆలస్యముగా పాటించినవారును తెలుగు సంగీత చరిత్రయందు కనబడుదురు.

1919వ సంవత్సరమున విజయనగర సంస్థానాధీశులు సంగీత కళాశాలను స్థాపించి, హరికథాపితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారిని దానికి ప్రథమాధ్యక్షులను గావించిరి. ఆ కళాశాలలో చేరి చదువుకొనవలెనను కోరికతో ఒక ఇరువదియారేండ్ల యువకుడు వచ్చెను. చూపు మందగించుటచే బడిచదువు సాగక, అన్నగారియొద్ద ఫిడేలు అభ్యసించినవాడు. ఆతని వాదనము విన్న పిమ్మట ఆతనిని విద్యార్థిగా గాక ఫిడేలు ఆచార్యునిగా నియమించిరని ప్రసిద్ధి. ఆ యువకుడే ద్వారం వేంకటస్వామినాయుడుగారు. 1936లో ఆయనయే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. అంతవరకు గాయకుని వెంట నడచు పక్కవాద్యముగానే ఎక్కువగా నెంచబడిన ఫిడేలును నాయుడుగారు తనంత తాను కచేరీ చేయగల వాద్యముగా నిలిపిరి. పెద్దలు ప్రతిభను గుర్తించుటకు ఏండ్లు గడువనీయకపోవుట వలన కలిగిన మేలు ఎంతటిదో ఈ వృత్తాంతము తెలుపుచున్నది. గౌరవము శిష్యుడు గురువునకు చెల్లించునది మాత్రమే కాదు. పెద్దలు పిన్నలకు సకాలమున ఈయవలసినదియు నగును.

ఆ విజయనగరముననే పట్రాయని సీతారామశాస్త్రిగారు గాత్రము బోధించుచుండిరి. ఆయన సాలూరు వాస్తవ్యులు. సాలూరి చిన్నగురువుగారని ప్రజలు గౌరవముతో పిలిచెడివారు. చేత కాసు లేక, సంగీతముపై ఆశ యొకటే పెట్టుబడిగా విజయనగరము చేరిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారిని శాస్త్రిగారు చేరదీసి విద్య చెప్పిరి. ఘంటసాలగారు జోలె పట్టి మధుకరమెత్తి, ఇల్లాండ్రు పెట్టిన అన్నముతో చదువు సాగించిన సంగతి తెలుగువారందరు ఎరిగినదే. ఆ తరువాత ఆయన కంఠము తెలుగునాట మ్రోగని ఊరు లేకపోయెను. అంతటి కీర్తి వచ్చిన పిమ్మట గురువుగారి ఇంటితో గల సంబంధమును ఆయన తెంచుకొనలేదు. గురుపుత్రులైన పట్రాయని సంగీతరావుగారు మదరాసులో ఘంటసాలగారికి సంగీత సహాయకులై, 1974లో ఆయన కన్నుమూయువరకు వెన్నంటియుండిరి.

సహాయకుని పని ఎట్టిదో పాట వినువారికి సాధారణముగా తెలియదు. సంగీత దర్శకునికి ఒక బాణీ తోచును. అది గాలిలో కలిసిపోకముందే దానిని స్వరములలో వ్రాసి పెట్టవలెను. గాయకులకు నేర్పవలెను. ఏ వాద్యము ఎచ్చట పలుకవలెనో వాద్యకారులకు తెలుపవలెను. రికార్డింగునాటికి అందరును ఒక్క త్రాటిపై నడచునట్లు సాధన చేయింపవలెను. పాట వెలువడిన తరువాత ఆ శ్రమ పాటలో ఇమిడిపోవును. దాని జాడ వేరుగా కనబడదు. సంగీతరావుగారు ఇట్టి పనిలో పెక్కు సంవత్సరములు గడపిరి. వెంపటి చినసత్యంగారి కూచిపూడి నృత్యనాటకములకు సంగీతము సమకూర్చినవారును ఆయనయే. 1920లో జన్మించిన ఆయన నూరు సంవత్సరములు నిండిన పిదప 2021లో పరమపదించిరి. నూరేండ్ల ఆయుర్దాయము అందరికి లభించునది కాదు. తండ్రిగారైన సీతారామశాస్త్రిగారు అరువదియేండ్లైనను నిండకుండనే 1957లో కాలధర్మము నొందిరి. ఒకే ఇంట తండ్రికి ఇంత, కుమారునికి అంత! కావున రేపు గౌరవింపవచ్చునని వాయిదా వేయువాడు ఎవరి ఆయువును నమ్ముకొని వేయుచున్నాడో తెలియదు.

విజయవాడ చరిత్రలోను ఇట్టి పాఠమే కలదు. త్యాగరాజస్వామి శిష్యపరంపర మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారి ద్వారా సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారికిని, వారి నుండి పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారికిని సంక్రమించెను. పంతులుగారి శిష్యులలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఎనిమిదవయేటనే విజయవాడలో ఆరాధనోత్సవమున పూర్తి కచేరీ చేసి పెద్దలను ఆశ్చర్యపరచిరి. ఆ గురువుగారియొద్దనే విద్య నేర్చిన అన్నవరపు రామస్వామిగారు ఫిడేలు విద్వాంసులై, విజయవాడ ఆకాశవాణిలో దీర్ఘకాలము సేవచేసి, బాలమురళిగారి కచేరీలకు అనేక పర్యాయములు పక్కవాద్యము వహించిరి.

పక్కవాద్యకారుని విద్య వినయముతో కూడినది. గాయకుడు రాగమాలపించుచుండగా వెనువెంటనే ఛాయవలె అనుసరింపవలెను. తన వంతు వచ్చినప్పుడు ఆ రాగస్వరూపమును చెదరనీయక, తన మనోధర్మమును చూపవలెను. మరల గాయకుడు అందుకొనగానే తగ్గి నిలువవలెను. ఏండ్ల తరబడి ఇట్లు కలిసి వాయించినవారికి మాటతో పనిలేదు. గాయకుడు ఊపిరి పీల్చుకొనుటను బట్టి తరువాతి సంగతి తెలిసిపోవును. గాయకుని పేరు గోడపత్రికలో పెద్ద అక్షరములలోను, వీరి పేరు చిన్న అక్షరములలోను పడును.

1926లో జన్మించిన రామస్వామిగారికి పద్మశ్రీ పురస్కారము 2021లో ప్రకటింపబడెను. అది అందరికిని ఆనందదాయకమే. కాని అప్పటికి గురువుగారు కీర్తిశేషులై డెబ్బది సంవత్సరములైనది; సహాధ్యాయియైన బాలమురళిగారు 2016లోనే దివంగతులైరి. ఆ వార్త విని అందరికంటె ఎక్కువగా సంతోషింపదగినవారు ఇద్దరును లేరు. ఆలస్యముగా వచ్చిన గౌరవమునకు విలువ తగ్గదు. దానిని పంచుకొనువారు తగ్గుదురు. కాలయాపన వలన కలుగు నష్టమిదియే.

ఇక భిలాయి సంగతి. 1955లో సోవియట్ ప్రభుత్వముతో ఒప్పందము కుదిరి, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. పనిచేయుటకు దేశము నలుమూలలనుండి జనులు వచ్చిరి. విజయనగరమునుండి పార్వతీపురము మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము అదివరకే యుండుటచే ఉత్తరాంధ్రులకు ఈ ప్రాంతము దూరమనిపింపలేదు. సాలూరు మీదుగా పోవు రహదారియు రాయపూరునకే చేరును. సీతారామశాస్త్రిగారి ఊరికిని ఈ ఉక్కునగరమునకును నడుమ నున్నది ఒక్క రాచబాటయే యన్నమాట.

ఈ నగరమునకు సమీపముననున్న గనియారి గ్రామమున 1956లో తీజన్‌బాయి జన్మించిరి. మాతామహులైన బ్రిజ్‌లాల్ గారు ఛత్తీస్‌గఢీ మాండలికమున భారతకథ చెప్పుచుండగా విని విని ఆమె కంఠస్థము చేసిరి. ఉమేద్‌సింగ్ దేశ్‌ముఖ్ గారు ఆ విద్యకు మెరుగు పెట్టిరి. పాండవానియందు స్త్రీలు కూర్చుండి పాడుటయే అప్పటి ఆచారము. ఆమె తంబూర చేతబట్టి, నిలిచి, భీముడై గర్జించుచు, ద్రౌపదియై విలపించుచు కథ నడపిరి. సంఘము వెలివేసినను వెనుదీయలేదు. పదుమూడవయేట చంద్రఖురి గ్రామమున తొలిసారి ప్రజలయెదుట పాడినందులకు ముట్టినది పది రూపాయలు. ప్రసిద్ధ నాటకకర్త హబీబ్ తన్వీరుగారు ఆమె ప్రతిభను గుర్తించిరి. భిలాయి ఉక్కు కర్మాగారమున ఆమె ఉద్యోగము చేసిరి. 2003లో పద్మభూషణమును, 2019లో పద్మవిభూషణమును ఆమెను వరించినవి.

పాండవాని విన్న తెలుగువారికి బుఱ్ఱకథ జ్ఞప్తికి రాక మానదు. బుఱ్ఱకథకునికి వంతలున్నట్లే పాండవానిలో రాగీ యనువాడుండును. కథకురాలు ఒక మాట యనగానే ఔననుచు, ప్రశ్నించుచు, ఆశ్చర్యపడుచు కథను ముందునకు నడుపును. ఆతడు లేనిచో వీరరసము సగము చప్పబడును. అయినను ఆ రాగీ పేరు జ్ఞాపకముంచుకొను శ్రోతలు ఎందరు?

ఈ ప్రశ్న ఉక్కునగరములోని తెలుగు కుటుంబములకును వర్తించును. కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలోను, కర్మాగారములోను పనిచేయుచు, షిఫ్టు ముగిసిన పిదప పిల్లలకు సరళీస్వరములు చెప్పినవారు, ఉగాది నాటకమునకు హార్మోనియము వాయించినవారు, త్యాగరాజోత్సవమున మృదంగముతో గోష్ఠిని నిలబెట్టినవారు విద్వాంసుల చరిత్రలకెక్కరు. వారు బదిలీయై పోవచ్చును. పదవీ విరమణ చేసి క్వార్టరు ఖాళీచేసి స్వగ్రామమునకు మరలిపోవచ్చును. మృత్యువు రాకముందే రైలు వచ్చును. మహానగరమున విద్వాంసుని వెదకి పట్టుకొనవచ్చును గాని, ఉద్యోగుల నగరమున నిన్నటి ఇంటి తలుపుపై నేడు వేరొకరి పేరుండును.

కావున చేయవలసిన పని గొప్ప ధనవ్యయముతో కూడినది కాదు. శాలువా కప్పుట మంచిదే. కాని అది అర నిమిషపు పని. ఆ పెద్దలచే ఒక పూట పాడించి, వారికి వచ్చిన పాతపాటలను, పద్యముల వరుసలను రికార్డు చేసి భద్రపరచవచ్చును. ఎవరి శిష్యులో, ఏ ఊరివారో, ఎన్నేండ్లు నేర్పిరో అడిగి వ్రాసియుంచవచ్చును. కార్యక్రమ పత్రములో పక్కవాద్యముల వారి పేర్లు గాయకుని పేరుతో సమానమైన అక్షరములలో ముద్రింపవచ్చును. వారియొద్ద నేర్చి దూరదేశములకేగిన పిల్లలు ఒక ఉత్తరము వ్రాయవచ్చును. సెలవులకు వచ్చినప్పుడు తంబూర శ్రుతి చేసి, నేర్చిన కీర్తన నొకదానిని వారి యెదుట పాడి వినిపింపవచ్చును. గురువునకు అంతకు మించిన దక్షిణ వేరొకటి లేదు. తప్పున్నచో ఆయనయే దిద్దును. ఆ దిద్దుబాటు ఆరాధనలనాడు లభించునది కాదు.