కట్టమంచివారి విద్యాపాలనము

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చరిత్రమును వ్రాయబూనినవాడు ముందుగా సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి జీవితమును పరిశీలింపవలసియుండును. ఏలయన, సంప్రదాయమునకు గాని అధికారమునకు గాని వెఱవక స్వబుద్ధితో విచారించి నిర్ణయించు గుణము వారి సాహిత్యవిమర్శయందెంత ప్రస్ఫుటమో విద్యాపాలనమునందును అంత ప్రస్ఫుటము.

1880లో చిత్తూరు చెంతనున్న కట్టమంచియందు జనించిన రెడ్డిగారు, మదరాసు క్రైస్తవ కళాశాలలో చదువుకొనునాడే, చెఱువుకట్ట తెగకుండుటకై ప్రాణమర్పించిన ఒక గ్రామీణవనిత కథను గ్రహించి ‘ముసలమ్మ మరణము’ అను కావ్యమును రచించిరి. పిమ్మట ప్రభుత్వ విద్యార్థివేతనముతో కేంబ్రిడ్జికి బోయి, సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్రశాస్త్రము నభ్యసించి, అచ్చటి విద్యార్థిసభయగు యూనియనునకు ఉపాధ్యక్షులుగా ఎన్నికైరి. స్వదేశమునకు మరలి బరోడాయందును, అనంతరము మైసూరునందును అధ్యాపకులై, 1916లో మైసూరు విశ్వవిద్యాలయము వెలసినపుడు దాని రూపకల్పనయందు పాలుపంచుకొనిరి. ఆ సంస్థానమున విద్యాశాఖాధిపతులై, అంటరానివారని దూరముంచబడిన బాలురకు పాఠశాలల ద్వారములు తెఱపించిరి.

ఈ నడుమనే, 1914లో వెలువడిన ‘కవిత్వతత్త్వ విచారము’ పండితలోకమున గొప్ప సంచలనమును గలిగించెను. పింగళి సూరన కళాపూర్ణోదయమును ముందిడుకొని, కథానిర్మాణము, పాత్రపోషణము, భావనాశక్తి అను గుణములచేతనే కావ్యము నిలుచునని వాదించిన ఆ గ్రంథము, వర్ణనలే ప్రధానముగాగల ప్రబంధమార్గమును నిర్మొగమాటముగా ప్రశ్నించెను. అభిమానించిన వారును, అధిక్షేపించిన వారును గలరు గాని, ఉపేక్షింపగలిగినవారు లేరు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడ కేంద్రముగా ఏర్పడినపుడు ప్రథమ వైస్‌ఛాన్సలరు పదవి వారిని వరించెను. కేంద్రము 1930లో వాల్తేరునకు మారెను. ఆ యేడే, శాసనోల్లంఘనోద్యమముపై ప్రభుత్వము ప్రయోగించిన దమననీతికి నిరసనగా, తాము నాటిన మొక్క వేళ్లూనకమునుపే రెడ్డిగారు పదవిని త్యజించిరి. వారి పిదప 1931 నుండి సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు పరిషత్తును వృద్ధిచేసిరి; వారు ఆక్సుఫర్డునకు తరలిన 1936లో రెడ్డిగారు మరల ఎన్నికై, 1949 వఱకును ఆ భారమును వహించిరి. ఆ పదుమూడేండ్లును సుఖముగా గడచినవి కావు. యుద్ధభయముచే బోధన గుంటూరునకు తరలవలసివచ్చినను చదువులు ఆగిపోకుండ కాపాడి, యుద్ధానంతరము పరిషత్తును తిరిగి సముద్రతీరమున నిలిపిరి.

1930లో ప్రభుత్వమును ధిక్కరించినవారు 1942లో ఆ ప్రభుత్వమే యొసగిన ‘సర్’ బిరుదమును స్వీకరించుట కొందఱకు విరుద్ధముగా దోచవచ్చును. కాని ఏ పక్షమునకును తమ బుద్ధిని తాకట్టుపెట్టని ఈ స్వాతంత్ర్యమే వారి బలము. రాజకీయములలో వారిని ఒంటరిని జేసినదియు నిదియే. 1949లో మైసూరు విశ్వవిద్యాలయమునకు ప్రోఛాన్సలరై వెడలిన వీరు 1951 ఫిబ్రవరి 24న కీర్తిశేషులైరి. ఏలూరున వారి పేర వెలసిన కళాశాల ప్రజాభిమానమునకు సాక్ష్యమే యైనను, విద్యాధికారి అవసరమైనచో పదవిని విడువగలవాడై యుండవలెనని వారు ఆచరించి చూపిన ధర్మమే, విశ్వవిద్యాలయములకు వారు విడిచిపోయిన విలువైన ఆస్తి.