సియాటిల్ డయాలిసిస్ ఎంపిక సంఘం

అమెరికాలోని సియాటిల్ నగరంలో 1960లలో కిడ్నీలు చెడిపోయిన రోగుల్లో ఎవరికి డయాలిసిస్ అందాలో, ఎవరికి అందకూడదో తేల్చిన పౌరుల సంఘం. అందరినీ కాపాడే వీలు లేనప్పుడు ఎవరిని కాపాడాలన్న చర్చలో దీని ప్రస్తావన తప్పనిసరిగా వస్తుంది. ఆధునిక వైద్య నీతిశాస్త్ర చరిత్రను కొందరు ఇక్కడినుంచే మొదలుపెడతారు.

డయాలిసిస్ యంత్రం 1940లలోనే ఉంది. కానీ ప్రతిసారీ కొత్తగా రక్తనాళాలను కోసి గొట్టాలు అమర్చాల్సి రావడంతో, కొద్దిరోజుల్లో కోలుకునే రోగులకే అది పనికొచ్చేది. 1960లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని రోగి చేతిలోనే శాశ్వతంగా ఉంచే పద్ధతి కనిపెట్టాడు. ఆయన తొలి రోగి పదకొండేళ్లు బతికాడు. వారాల్లో ప్రాణం తీసే జబ్బుకు వైద్యం దొరికింది కానీ, దాన్ని అందరికీ అందించే స్తోమత ఎవరికీ లేదు. 1962 జనవరిలో తెరిచిన సియాటిల్ కృత్రిమ కిడ్నీ కేంద్రంలో మొదట ఉన్నవి మూడు పడకలు. ఒక్కో రోగికి ఏడాదికి పదివేల డాలర్లకు పైగా ఖర్చు.

ఎంపిక రెండు దశల్లో జరిగేది. మొదట వైద్యులు వడపోసేవారు. నలభై అయిదేళ్లు దాటినవారిని, పిల్లలను ఈ దశలోనే పక్కనపెట్టేవారు. మిగిలినవారి సంఖ్య కూడా పడకలను మించిపోవడంతో తుది నిర్ణయం ఏడుగురి చేతికి వచ్చింది: ఒక న్యాయవాది, ఒక క్రైస్తవ మతబోధకుడు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వోద్యోగి, ఒక కార్మిక నాయకుడు, ఒక శస్త్రవైద్యుడు. వీరికి జీతం లేదు. వీరి పేర్లు బయటికి చెప్పలేదు, రోగుల పేర్లు వీరికి తెలియవు.

1962 నవంబరులో ‘లైఫ్’ పత్రికలో షానా అలెగ్జాండర్ రాసిన కథనంతో ఈ సంఘం సంగతి దేశమంతా తెలిసింది. ఉద్యోగం, ఆస్తి, చదువు, పెళ్లి, పిల్లలు, చర్చికి వెళ్లే అలవాటు అన్నీ అక్కడ తూకానికి వచ్చాయి. రోగి చనిపోతే అతని భార్యకు మళ్లీ పెళ్లయ్యే అవకాశం ఎంత, పిల్లలు ఎక్కువైతే ఆ అవకాశం ఎంత తగ్గుతుంది అని కూడా ఆలోచించారు. రోగి పోయాక అతని కుటుంబం ప్రభుత్వంపై భారం కాకూడదని చూస్తే, పొదుపు చేసి నాలుగు డబ్బులు దాచుకున్న మనిషే వెనకబడతాడు. ఆ అన్యాయం సభ్యులకే తట్టింది. వారు క్రూరులు కారు. కొలబద్ద లేకుండా మనుషులను కొలవమని వారిని కూర్చోబెట్టారు.

అలాంటి కొలబద్ద కోసం వెతికితే మొదట ఎదురయ్యేది ఉపయోగితావాదం. దాని ప్రకారం ఎక్కువ మేలు కలిగే మార్గమే సరైనది. యుద్ధభూమిలో క్షతగాత్రులను వేరుచేసే పద్ధతికి బలం ఇదే. నెపోలియన్ సైన్యపు వైద్యుడు లారే హోదాను కాక గాయం తీవ్రతను చూసి ముందు ఎవరికి వైద్యం చేయాలో నిర్ణయించేవాడు. సియాటిల్‌లో లెక్కించినది మాత్రం వైద్యం వల్ల కలిగే మేలు ఒక్కటే కాదు, రోగి వల్ల సమాజానికి కలిగే లాభం కూడా. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడమే అసలు పొరపాటు. చికిత్సకు ఎవరి శరీరం ఎంత స్పందిస్తుందో వైద్యుడు చూపగలడు. ఎవరి బతుకు ఎంత విలువైనదో చూపగలిగే పరీక్ష లేదు. తత్వవేత్త నికొలస్ రెషర్ 1969లో, రోగి సమాజానికి చేసిన, చేయబోయే సేవను కూడా లెక్కలోకి తీసుకోవచ్చని వాదించాడు. అయితే చివరి దశలో ఆయన కూడా చీటీ తీసి ఎంచుకోవడాన్నే నమ్ముకున్నాడు.

ప్రతి మనిషికీ వెలకట్టలేని గౌరవం ఉందన్న తత్వవేత్త కాంట్ ఆలోచన నుంచి వచ్చినవారికి ఈ తూకమే తప్పు. 1970లో నీతిశాస్త్రవేత్తలు పాల్ రామ్సే, జేమ్స్ చిల్డ్రెస్ వైద్యపరంగా అర్హులైనవారి మధ్య చీటీ తీయడమో, ముందు వచ్చినవారికి ముందు ఇవ్వడమో మేలన్నారు. 1977లో తత్వవేత్త జాన్ టౌరెక్ మరింత ముందుకెళ్లి, ఒకరిని కాపాడాలా అయిదుగురినా అన్నప్పుడు సంఖ్యకు కూడా బరువు ఉండదని, బొమ్మా బొరుసూ వేయవచ్చని వాదించాడు. ఆ వాదనను ఒప్పుకున్నవారు తక్కువ, తేలిగ్గా కొట్టిపారేయగలిగినవారూ తక్కువే. కోవిడ్ కాలంలో ఈ చర్చ మళ్లీ రేగింది. 2020 మార్చిలో ఇటలీ మత్తువైద్యుల సంఘం, ఐసీయూలో చేర్చుకోవడానికి వయోపరిమితి పెట్టాల్సి రావచ్చని సూచించింది. వెంటిలేటర్ల కేటాయింపులో వికలాంగులకు రక్షణగా చట్టం చేయాలని 2021 డిసెంబరులో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించింది.

ఈ సిద్ధాంతాలన్నీ కొరతను మార్చలేని వాస్తవంగా తీసుకుంటాయి. సియాటిల్‌లో అది మారింది. కేంద్రం కాదన్న ఒక హైస్కూలు విద్యార్థిని కోసం వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ఇంజినీరు ఆల్బర్ట్ బాబ్ తన బృందంతో ఇంట్లోనే నడిపే యంత్రం తయారుచేశాడు. 1964లో ఆమె ఇంట్లోనే డయాలిసిస్ మొదలుపెట్టింది. 1972 అక్టోబరులో అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన చట్టం, శాశ్వతంగా కిడ్నీలు దెబ్బతిన్నవారిలో దాదాపు అందరినీ వయసుతో పనిలేకుండా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ కిందికి తెచ్చింది. 1973 జూలై నుంచి డయాలిసిస్ ఖర్చులో అధిక భాగాన్ని ప్రభుత్వం భరించడంతో ఇలాంటి సంఘాల అవసరం తీరిపోయింది.

అవయవ మార్పిడిలో మాత్రం డబ్బుతో తీరని కొరత మిగిలే ఉంది. మరణించిన దాతల అవయవాలను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో జీవన్‌దాన్ అనే ప్రభుత్వ పథకం ద్వారా కేటాయిస్తారు. అక్కడ రోగి మంచివాడా కాదా అని ఎవరూ విచారించరు. నిరీక్షణ జాబితా, రక్తం గ్రూపు వంటి ముందే రాసిపెట్టిన నియమాలను చూస్తారు.