గంజాం దారిలో రెండు పొలిమేరలు

ఇచ్ఛాపురం నుంచి బరంపురం, ఛత్రపురం, గంజాం మీదుగా చిలక సరస్సు ఒడ్డున ఉన్న రంభ దాకా దారి 70 కిలోమీటర్ల పైచిలుకు. ఉత్తరంగా సాగిపోతుంటే ఎడమ చేతి వైపు తూర్పు కనుమల గుట్టలు, కుడి వైపు సముద్రతీరం, నడుమ వరిచేలు, మొగలి పొదలు. చూడముచ్చటైన దారి. అయితే మేమిక్కడ దీన్ని చరిత్ర దృష్టితో పరిశీలించదలిచాము. తెలుగునాటికి వెలుపల పుట్టి పెరిగిన విద్యార్థికి తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "మీవాళ్లు ఇక్కడికి ఎప్పుడొచ్చారు?" బరంపురం తెలుగువారి మటుకు దానికి జవాబు ఈ దారిలోనే ఉంది.

మొదటి పొలిమేర ఉత్తరాన, చిలక దగ్గర ఉండేది. ఉత్తర సర్కారులు ఇంగ్లీషు కంపెనీ వశమైన తర్వాత గంజాం మద్రాసు ప్రభుత్వం కిందికి వచ్చింది. సరస్సుకు ఆవల ఒరిస్సా మరాఠాల ఏలుబడిలో ఉండేది. 1803 సెప్టెంబరులో కర్నల్ హార్కోర్టు సేన గంజాం నుంచి బయలుదేరి, ఈ తీరం వెంటనే పూరీకి, కటకానికి చేరింది. మరాఠాల పాలన పోయింది గాని, గీత పోలేదు. ఒక పక్క మద్రాసు, మరొక పక్క బెంగాలు ప్రెసిడెన్సీగా అది కొనసాగింది.

ఋషికుల్య సముద్రంలో కలిసే చోట ఉన్న గంజాం పట్టణమే తొలుత జిల్లాకు ముఖ్యస్థానం. 1815లో ప్రబలిన విషజ్వరంతో కచేరీలు అక్కడి నుంచి తరలిపోయాయి. ఇప్పుడు జిల్లా కేంద్రం ఛత్రపురం. అదే నదిని పట్టుకొని లోపలికి వెళితే జౌగడలో అశోకుని శిలాశాసనాలు కనిపిస్తాయి. కళింగ యుద్ధాన్ని వర్ణించే పదమూడవ శాసనం ఇక్కడ చెక్కించలేదు. ఓడిన ప్రజలకు ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో ఏలికలు ఆనాడే ఆలోచించారన్నమాట.

రెండవ పొలిమేర 1936 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఒడియా మాట్లాడేవారు మూడు నాలుగు ప్రభుత్వాల కింద చెదిరి ఉండటం వారికి న్యాయమైన బాధే. ఆ ఉద్యమ ఫలితంగా ఒరిస్సా రాష్ట్రం వచ్చినప్పుడు బరంపురం అందులో చేరింది, ఇచ్ఛాపురం మద్రాసులో మిగిలింది. గీత చిలక నుంచి ఇచ్ఛాపురం పక్కకు జరిగింది. మనుషులు మాత్రం ఉన్నచోటనే ఉన్నారు. తాపీ ధర్మారావు (1887), వి.వి. గిరి (1894) పుట్టేనాటికి బరంపురం మద్రాసు రాజధానిలోని ఊరే. ఇటు ఇచ్ఛాపురం ప్రాంతంలో ఒడియా కుటుంబాలు కూడా అలాగే గీతకు ఈవల ఉండిపోయాయి.

అందరూ ఒకేలా స్పందించలేదు. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరడాన్ని వ్యతిరేకించిన గిడుగు రామమూర్తి ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. బరంపురం నేతపనివారు నిలిచిపోయారు. వీరి పూర్వులు కొన్ని శతాబ్దాల కిందట గోదావరి ప్రాంతం నుంచి వచ్చారని చెప్పుకుంటారు. వారి పట్టుచీర నేడు ఊరికే పేరు తెచ్చింది. రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి జాతరలో ఊరి అమ్మవారు ఈ తెలుగు నేతపనివారి పెద్ద అయిన దేశిబెహరా ఇంటికి పుట్టింటికొచ్చిన ఆడపడుచులా వస్తుంది. ఊరంతా, ఒడియావారూ తెలుగువారూ, అక్కడికే మొక్కులు తెస్తారు.

కాబట్టి "ఎప్పుడొచ్చారు?" అన్న ప్రశ్నకు ఇక్కడ ఒక్క జవాబు చాలదు. కొందరు వచ్చారు, కొందరి దగ్గరికి పొలిమేరే వచ్చింది. ఈ తేడా తెలియకపోతే పుట్టిన ఊళ్లోనే మనిషి పరాయివాడవుతాడు. ఈ దారిన వెళ్లే విద్యార్థులకు మా సూచన ఒక్కటే: బరంపురంలో పెద్దవాళ్ల తెలుగును, ఇచ్ఛాపురంలో పెద్దవాళ్ల ఒడియాను రెండింటినీ రాసుకొని రండి. ఒకటి వదిలేస్తే రెండవది సగమే అర్థమవుతుంది.