జాఫ్నా విద్యార్థులు, మన బిషప్పుగారు



మన ప్రాంతపు క్రైస్తవ సంఘ చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు, 1841లో బందరులో దిగిన నోబుల్ దొర, ఫాక్సు దొరలతో మొదలుపెట్టి, 1854 నాటి ఏలూరు స్టేషను మీదుగా మన మన గుడుల దాకా రావడం ఆనవాయితీ. అది సరియైనదే. అయితే ఈ చరిత్రకు మరొక వేరు సముద్రానికి అవతల, సింహళ ద్వీపపు ఉత్తర కొసనున్న జాఫ్నాలో ఉన్నది. వేదాంత కళాశాలలో చేరేవరకు ఈ సంగతి మేమూ ఎరుగము.

1902వ సంవత్సరము. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారికి అప్పటికి ఇరవై ఎనిమిదేండ్లు. బిషప్పు కాదు, పాదిరీ కూడా కాదు. తిరునల్వేలి సీమలో వెళ్లాలన్‌విళై అనే పల్లెలో ఒక పాదిరిగారి ఇంట పుట్టి, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుండి వై.యం.సి.ఎ. కార్యదర్శిగా కాలేజీ విద్యార్థుల మధ్య పనిచేస్తున్నారు. ఆ పని మీదనే జాఫ్నా వెళ్లారు.

అక్కడి క్రైస్తవులూ తమిళులే. మాట ఒకటే, తిండి ఒకటే. 1816 నుండి అమెరికా మిషనరీలు అక్కడ బడులు, కాలేజీలు నడిపారు. ఆ చదువులు చదివిన విద్యార్థులు ఊరుకొనక, తమకొక మిషనరీ సంఘం పెట్టుకొన్నారు. తమ సొమ్ముతో, తమ మనిషిని, జలసంధి దాటించి ఇవతల రామనాథపురం తీరాన ఉన్న తొండికి పంపారు. అనగా అజరయ్యగారి సొంత దేశానికే! తిరునల్వేలి సంఘము ఎంత పాతది, ఎంత పెద్దది! అయినను అంతవరకు అటువంటి పని తలపెట్టలేదు. బోధింపబోయినవారు సిగ్గుపడి తిరిగి వచ్చారు. ఆ సిగ్గే మనకు మేలైనది.

మరుసటి ఏడే, 1903 ఫిబ్రవరి 12న, తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడినది. మనుష్యులు మనవారే, డబ్బు మనదే, పెత్తనమూ మనదే అన్నది దాని పద్ధతి. పనికి వారు ఎంచుకొన్న చోటు నైజాం రాజ్యములోని డోర్నకల్లు. ప్రభుత్వము వేరు, భాష వేరు. తిరునల్వేలి వారికి అది పరదేశమే. 1909లో అజరయ్యగారే, కార్యదర్శి ఉద్యోగం వదలి, కుటుంబముతో అక్కడికి వచ్చేశారు. ముప్పై అయిదో ఏట తెలుగు నేర్చుకొనడం ఎంత కష్టమో, ఇతర భాషా ప్రాంతాలలో పరిచర్య చేసిన మా తోటి పాదిరీలను అడగండి.

1910లో ఎడింబరో మహాసభలో ఆయన పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలిచి, మీ త్యాగాలకు కృతజ్ఞులము, కాని మాకు మీ స్నేహము కావాలని అడిగారు. కొందరు దొరలకు ఆ మాట రుచించలేదు. మాకు తోచేదేమనగా, అటువంటి స్నేహపు రుచి ఆయనకు జాఫ్నాలోనే దొరికి యుంటుంది. అక్కడ ఆయన దాతా కాదు, యాచకుడూ కాదు.

1912 డిశంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో భారతీయులలో ఆయనే మొదటివారు. ఆ తరువాతి సంవత్సరాలలో కృష్ణా, గోదావరి ప్రాంతపు సంఘాలు కూడ డోర్నకల్ అధ్యక్ష మండలములో చేరాయి. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు కృష్ణా-గోదావరి వేరు మండలమైనది.

ఇక మా సంగతి ఒకటి చెప్పక తప్పదు. ఒక క్రిస్మసుకు ముందు తణుకు నుండి మా యౌవనస్థులను వెంటబెట్టుకొని కొల్లేటిలో ఒక లంక గ్రామానికి వెళ్లాము. దుప్పట్లు పంచాము, పాటలు పాడాము, ఫోటోలు దిగాము. చీకటి పడకముందే బయలుదేరుతుంటే ఒక ముసలమ్మ గట్టుదాకా వచ్చి, "మళ్లీ ఎప్పుడొస్తారయ్యా?" అని అడిగింది. ఆమె పేరైనా మాలో ఒక్కరూ అడగలేదు. దోషము పిల్లలది కాదు; వెంటబెట్టుకు వెళ్లిన మాది. పడుగు చేపలతో ఆమె వండిన పులుసు పొయ్యిమీదనే ఉండగా మేము బిర్యానీ పొట్లాలు విప్పుకొన్నామన్న సంగతి దారిలో ఒక కుర్రవాడు చెబితేగాని మాకు తట్టలేదు.

ఈ మధ్య ఆ యౌవనస్థులే వచ్చి, అజరయ్యగారి కథ విన్నాము గనుక వేసవిలో జాఫ్నా చూచి వస్తాము, పాస్‌పోర్టులకు పెడతామని అడిగారు. సంతోషమే అన్నాము. అయితే ముందు లంకకు వెళ్లి, రెండు రాత్రులుండి రమ్మన్నాము.

"శ్రీలంకకేగా, అయ్యగారూ?" అన్నాడు ఒకడు.

"కాదు బాబూ, కొల్లేటి లంకకు. ఈసారి పొట్లాలు వద్దు."