సంఘం చందా – సభ్యుని ఓటు

బళ్లారి, హోసూరు, బరంపురం, షోలాపురం, యానాం వంటి ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు గ్రంథాలయం, భజన మందిరం, శ్రీరామనవమి పందిరి, పిల్లల తెలుగు తరగతి మొదలైన వాటి కోసం స్వచ్ఛందంగా సంఘాలను ఏర్పరచుకుంటాయి. కొందరి పూనిక, అందరి చందా – ఈ రెండే అటువంటి సంఘానికి ఆధారం. చందాకూ ఓటుకూ గల సంబంధాన్ని చట్టమే నిర్దేశించినా, పలువురు సభ్యులకు అది తగవు వచ్చిన తరువాత గాని తెలియదు.

చట్టం: ఒడిశా, మహారాష్ట్ర, పుదుచ్చేరిలో భాగమైన యానాంలలో 1860 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది. మహారాష్ట్రలో 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కింద కూడ నమోదు అవసరం. కర్ణాటకకు 1960లో, తమిళనాడుకు 1975లో సొంత చట్టాలు వచ్చాయి. సంఘం నమోదుకు కనీసం 7 గురు సభ్యులుండాలి. ఉద్దేశాలను తెలిపే పత్రం, నియమావళి దాఖలు చేయాలి. వివరాలలో రాష్ట్రానికీ రాష్ట్రానికీ భేదం ఉన్నందున, స్థానిక రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించుకోవడం అవసరం.

సభ్యత్వం: 1860 చట్టం 15వ సెక్షను ప్రకారం నియమానుసారం చేరి, చందా చెల్లించినవారు లేదా సభ్యుల పట్టికలో సంతకం చేసినవారు సభ్యులు. అయితే చందా 3 నెలలకు మించి బకాయి పడినవారికి ఓటు ఉండదు. వారు సభ్యుల లెక్కలోకి కూడ రారు. బకాయి వసూలుకై సంఘం దావా వేయవచ్చును.

నిర్ణయాలు: దైనందిన వ్యవహారాలను కార్యవర్గం చూస్తుంది. ఎన్నికలు, జమాఖర్చుల ఆమోదం సాధారణంగా సర్వసభ్య సమావేశం పని. కోరం ఎంతో నియమావళి చెప్పాలి. సంఘం ఉద్దేశాలను మార్చాలంటే 1860 చట్టం ప్రకారం ప్రత్యేక సమావేశానికి 10 రోజుల ముందు ప్రతి సభ్యునికీ ప్రతిపాదన పంపాలి. సభ్యులలో అయిదింట మూడు వంతుల ఆమోదం లభించాలి. నెల గడచిన తరువాత రెండవ సమావేశంలో, హాజరైనవారిలో అదే నిష్పత్తితో దానిని ధ్రువీకరించాలి. ఒక రాత్రి ఆవేశంలో మందిరం స్వరూపమే మారిపోకుండ ఈ వ్యవధి కాపాడుతుంది.

చందా: ఎంత వసూలు చేయాలో చట్టం చెప్పదు, నియమావళి చెప్పాలి. కూలినాలి చేసుకునే కుటుంబం ఇవ్వలేనంత చందా పెట్టిన సంఘం, ఆ కుటుంబం ఓటును తీసివేసినట్లే. అందుకే చందా తక్కువగా ఉంచి, పెద్ద పనులకు వేరుగా విరాళాలు సేకరించడం మేలు. ఎన్నికల ముందురోజు ఒక వర్గం తనవారి బకాయిలన్నీ కట్టివేయకుండ, చెల్లింపునకు గడువు తేదీని ముందే నిర్ణయించి, ఓటర్ల జాబితాను అందరికీ కనబడేచోట అంటించాలి. ప్రతి రూపాయికీ వరుస సంఖ్య గల రసీదు, సంఘం పేరిట బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలపై మాత్రమే సొమ్ము తీయడం – ఇవి కోశాధికారికి కూడ రక్ష.

సంఘం రద్దయినా, అప్పులు తీరగా మిగిలిన సొమ్మును సభ్యులు పంచుకోరాదని 1860 చట్టం 14వ సెక్షను చెబుతున్నది. అది మరొక సంఘానికి చెందాలి. చందా సభ్యునికి సొమ్ములో వాటా నివ్వదు; నిర్ణయంలో వాటా నిస్తుంది. ఆ వాటాకు సాక్ష్యం రసీదే కనుక దానిని ఇంట భద్రపరచుకోవాలి.