పాఠం చెప్పబోయి పాఠం నేర్చుకున్న కుర్రాళ్ళు

బెంగళూరులో తెల్లచొక్కా, టై, జేబు మీద నల్లటి పేరుపట్టీ పెట్టుకొని ఇద్దరిద్దరుగా నడిచే కుర్రాళ్ళని మీలో కొందరు చూసే ఉంటారు. లోకం మోర్మన్లు అని పిలిచే క్రైస్తవ సంఘం మిషనరీలు వాళ్ళు. పోయిన సంవత్సరం ఒక సాయంత్రం బస్ స్టాపులో అట్లాంటి ఇద్దరు నా పక్కన నిలబడ్డారు. ఒకడు గోదావరి వైపు తెలుగు అబ్బాయి. ఇంకొకడి భాష ఏదో తెలీదు గానీ, చిన్న నోటుపుస్తకంలో తెలుగు మాటలు రాసుకుంటా ఉన్నాడు. నేను ఫోన్లో అమ్మతో మాట్లాడి పెట్టేశాక వాడు మెల్లగా అడిగాడు: "అన్నా, సంగటి అంటే ఏంటి?"

చెప్పాను. రాగిపిండి, నూకలు, ఉడుకుతున్న ఎసరు, కట్టె పెట్టి కెలకడం, అన్నీ చెప్పాను. వాడు అంతా రాసుకొని, ఆ మాటని రెండుసార్లు పలికి, సరిగ్గా ఉందా అని అడిగాడు. మతం మాట ఎత్తేలోపలే నా బస్సు వచ్చేసింది.

ఇది చిన్న సంగతే. కానీ ఇంటికి పోయేవరకూ నా మనసులోంచి పోలేదు. ఎందుకంటే ముప్పై ఏళ్ళు దాటిన నా బతుకులో నా తెలుగు మాటని ఒకరు పుస్తకంలో రాసుకోవడం అదే మొదటిసారి. కోలారు వైపు ఇండ్లల్లో పెరిగిన మనకి తెలుగు ఇంట్లో, కన్నడం బడిలో. నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. నేర్చుకున్న కొత్తలో ఆంధ్రాలో ఉన్న ఒక పెద్దాయనకి ఉత్తరం రాస్తే, దాంట్లోని తప్పుల్ని పెండ్లి ఇంట్లో పదిమంది ముందు చదివి నవ్వించారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను తెలుగులో ఒక్క పంక్తి రాయలేదు.

అందుకే ఆ కుర్రాడి సంగతి ఏంటని చదవడం మొదలుపెట్టాను. మనం ఆ మతం వాళ్ళం కాం, ఆ మతం గురించి చెప్పాలని ఈ వ్యాసం రాయడం లేదు. పరాయి ఊరికి పోయి, పరాయి భాష నేర్చుకున్న కుర్రాళ్ళ కథ అది. ఊరు విడిచి వచ్చినవాళ్ళ ఇండ్లల్లో పుట్టిన మనకి అది పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఏర్పాటు చెప్తాను. ఈ సంఘంలో 18 ఏళ్ళు నిండాక మగపిల్లలు రెండేళ్ళు, ఆడపిల్లలు ఏడాదిన్నర ఈ పనికి పోవచ్చు. 2012 దాకా ఆ వయసులు 19, 21గా ఉండేవి, ఆ తర్వాత 2025 దాకా ఆడపిల్లలకి 19. జీతం లేదు. ఖర్చు సొంతంగానో, ఇంటివాళ్ళో, సంఘం వాళ్ళో పెట్టుకోవాలి. ఏ ఊరికి పోవాలో తాము ఎంచుకోరు, పెద్దల దగ్గర నుంచి పిలుపు వస్తుంది. ఎప్పుడూ ఇద్దరు కలిసే తిరగాలి, ఆ రెండోవాడెవరో కూడా వాళ్ళే చెప్తారు. 2019 దాకా ఇంటికి ఫోన్ చేయడం ఏడాదికి ఒకటి రెండుసార్లే. ఇప్పుడు వారానికి ఒకసారి మాట్లాడవచ్చు. మన ఇండ్లల్లో 18 ఏళ్ళ పిల్లవాడిని పక్క ఊరి హాస్టల్లో వదిలేదానికే మూడు రోజులు ఏడుస్తాం.

ఈ పద్ధతికి పునాది పడిన తొలినాళ్ళ కథల్లో నాకు బాగా నచ్చింది హవాయి దీవులది. 1850లో జార్జి కానన్ అనే 23 ఏళ్ళవాడు కాలిఫోర్నియా బంగారు గనుల దగ్గర పని చేస్తా ఉన్నాడు. అతను పుట్టింది ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో. సంఘం పెద్దలు అతనితో కలిపి పదిమందిని హవాయికి పొమ్మన్నారు. డిసెంబరు 12న హొనొలులులో దిగారు. అప్పుడు అది అమెరికాలో భాగం కాదు, మూడో కమేహమేహా ఏలే స్వతంత్ర రాజ్యం.

పదిమందిలో చాలామంది అనుకున్నది ఏమంటే, అక్కడ ఉండే తెల్లవాళ్ళకి ఇంగ్లీషులో బోధించి వచ్చేద్దామని. దిగి చూస్తే తెల్లవాళ్ళు కొద్దిమందే, ఉన్నవాళ్ళు వినరు. స్థానికుల భాష వీళ్ళకి రాదు. కొన్ని నెలల్లోనే పదిమందిలో సగం మంది దీవులు విడిచి పోయారు. వాళ్ళ నాయకుడే వేరే దీవులకి బయల్దేరాడు. కానన్ మాత్రం ఒంటరిగా మిగిలినా సరే, ఇక్కడి జనం భాష నేర్చుకొని ఇక్కడే ఉంటానని నిశ్చయించుకున్నాడు. ఇంకో నలుగురు నిలబడ్డారు.

కానన్, మరో ఇద్దరు మావీ దీవిలో లహైనా అనే ఊరు చేరారు. చేతిలో డబ్బు అయిపోతా వచ్చింది. అప్పుడు నలిమనుయి అనే ఒక స్థానికురాలు తన ఇంటిని వీళ్ళకి వదిలిపెట్టి, తాను కూతురి దగ్గరికి పోయి ఉండింది. మతం చెప్పేదానికి వచ్చినవాళ్ళకి ఆమె ముందుగా ఒక గూడు చూపించింది.

ఆ ఇంటి చుట్టుపక్కల జనంతో కూర్చొని, చాపల మీద వాళ్ళు మాట్లాడుకునేది వింటా, కానన్ భాష పట్టుకున్నాడు. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఉన్నట్టుండి మాటలు అర్థమవుతున్నాయని గమనించాడట. అతను దాన్ని దేవుడి వరం అన్నాడు. భాష విని నేర్చుకున్నవాళ్ళకి ఆ సాయంత్రం తెలుసు. మా అవ్వ కూడా కన్నడం అట్లే నేర్చుకుంది, బావి దగ్గర.

తిండి సంగతి ఇంకా బాగుంటుంది. హవాయి వాళ్ళ రోజువారీ కూడు పొయ్. చేమదుంపల్ని ఉడికించి, దంచి, నీళ్ళు కలిపి, పులియబెడతారు. కానన్‌కి మొదట ఆ పులుపు వాసన కడుపులో తిప్పింది. కానీ తాను తినకపోతే తనకి పెట్టేవాళ్ళకి ఎంత ఇబ్బందో ఆలోచించాడు. వేరే వంట చేయాలంటే వాళ్ళకి ఎంత కష్టం! ఇది నాకు తియ్యగా అనిపించేట్టు చెయ్యి అని దేవుడిని వేడుకొని, ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత అదే ఇష్టమైపోయింది. బయటి ఊరి నుంచి మన ఇండ్లకి వచ్చిన కోడళ్ళు మొదటిరోజు సంగటి ముద్దని చూసిన చూపు తెలిసినవాళ్ళకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు.

1851లో అదే దీవిలోని వైలుకులో కానన్‌కి జొనాథన్ నపేలా పరిచయమయ్యాడు. న్యాయాధికారి, లహైనాలూనా విద్యాలయంలో చదువుకున్నవాడు. ఇక్కడ ఇంకో నిజం చెప్పాలి. 1820 నుంచి అక్కడ పని చేసిన ప్రొటెస్టెంట్ మిషనరీలు అప్పటికే హవాయి భాషకి అక్షరాలు కుదిర్చి, 1839కి బైబిల్ మొత్తం ఆ భాషలో తెచ్చారు. ఆ లహైనాలూనా కూడా 1831లో వాళ్ళు పెట్టిన బడే. కానన్ నేల మీద కూర్చొని నేర్చుకున్నాడు, నిజమే. కానీ ఆ నేలని అతని కంటే ముందు ఇంకొకరు దున్ని ఉన్నారు.

నపేలా కానన్‌ని తన ఇంట్లో పెట్టుకున్నాడు. దాని వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మోర్మన్ గ్రంథాన్ని హవాయి భాషలోకి తెచ్చేటప్పుడు కానన్ కొన్ని పుటలు అనువదించి చదివేవాడు, నపేలా విని భాష దిద్దేవాడు. 1853లో పని ముగిసింది, 1855లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయింది. కొత్తగా వచ్చే అమెరికన్ కుర్రాళ్ళకి నపేలా తన ఇంట్లోనే భాష నేర్పించాడు. ఇప్పుడు ఆ సంఘానికి పెద్ద పెద్ద శిక్షణ కేంద్రాలు ఉన్నాయి. వాటి పని ఒక హవాయి న్యాయాధికారి ఇంట్లో అప్పుడే జరిగింది.

కానన్ ఆ అనుభవాలన్నీ 1879లో 'మై ఫస్ట్ మిషన్' అని పిల్లల కోసం పుస్తకంగా రాశాడు. ఆ ఏడాదే నపేలా చనిపోయాడు. అతని భార్య కిటీకి కుష్ఠు వచ్చింది. అప్పటి చట్టం ప్రకారం ఆమెని మొలొకాయి దీవిలో రోగుల కోసం వేరుపరిచిన చోటికి పంపితే, 1873లో నపేలా ఆమెతోపాటు పోయాడు. పోయేటప్పుడు ఆయనకి జబ్బు లేదు. అక్కడే అంటుకుంది, అక్కడే పోయాడు. ఆ అనువాదం అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది కానన్ పేరే.

ఇంకొక కుర్రాడు జోసెఫ్ ఎఫ్. స్మిత్. అయిదేళ్ళప్పుడు తండ్రి హత్యకి గురయ్యాడు, పదమూడో ఏట తల్లి పోయింది. చెల్లెల్ని కొట్టబోయిన బడిపంతులు మీద తిరగబడి బడి పోగొట్టుకున్నాడు. 1854లో, పదిహేనేళ్ళకే, అతన్ని హవాయి పంపారు. పడవ ఖర్చుకి కాలిఫోర్నియాలో కూలి చేసి, సెప్టెంబరులో దిగాడు. దిగిన కొన్నాళ్ళకే జబ్బు పడితే మనూహీ అనే ఒక హవాయి తల్లి కన్నకొడుక్కి చేసినట్టు సేవ చేసింది. కొన్ని నెలల్లోనే భాష పట్టుకున్నాడు.

1901లో అతను ఆ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తర్వాత ఒకసారి హొనొలులులో దిగినప్పుడు స్వాగతం చెప్పేదానికి జనం దండలతో నిలబడ్డారు. ఆ గుంపులో చూపు పోయిన ఒక ముసలామె 'యొసెపా' అని పిలుస్తా ఉంది. చేతిలో కొన్ని అరటిపండ్లు. ఆయన జనాన్ని తప్పించుకొని పరుగున పోయి, ఆమెని కౌగిలించుకొని అమ్మా అని ఏడ్చాడని వెంట ఉన్న చార్లెస్ నిబ్లీ రాసిపెట్టాడు. అతను హవాయి వాళ్ళకి ఏం నేర్పాడో నేను చెప్పలేను. అమ్మ లేని పిల్లవాడికి అక్కడ అమ్మ దొరికింది, అది మాత్రం తెలుస్తుంది.

సరిగ్గా ఆ కాలంలోనే ఈ సంఘం వాళ్ళు మన దేశానికి కూడా వచ్చారు. 1852లో సాల్ట్‌లేక్ సిటీలో పిలుపు అందుకున్నవాళ్ళు 1853లో కలకత్తా చేరారు. అందులో రిచర్డ్ బాలంటైన్, ఇంకా కొందరు మద్రాసు వచ్చారు. ఆ మద్రాసులో తెలుగు మాట్లాడే జనం ఎంతమంది ఉండేవాళ్ళో మనకి వేరే చెప్పాలా! కానీ వీళ్ళ పని ఎక్కువగా ఇంగ్లీషు వచ్చినవాళ్ళ మధ్య, దండు బజారుల్లో, కుంపిణీ సిపాయిల మధ్యే జరిగింది. చేరిన కొద్దిమందిలో ఎక్కువమంది యూరోపియన్లే. 1856కి అందరూ వెనక్కి పోయారు. మనూహీలు, నపేలాలు మన దేశంలో లేక కాదు. వాళ్ళ వాకిట్లో కూర్చునేంత కాలం వీళ్ళు నిలబడలేదు. వేరే కారణాలూ ఉన్నాయి, కుంపిణీ రాజ్యం, మన కులాలు, దూరం. కానీ హవాయిలో సగం మంది వదిలేసి పోయిన పనే ఇక్కడ అందరూ వదిలేశారని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాత నూటఇరవై ఏళ్ళకి తెలుగు వాళ్ళ దగ్గరికి ఈ సంఘం వచ్చిన దారి చూడండి. హైదరాబాదుకి చెందిన ఎడ్విన్, ఎల్సీ ధర్మరాజు దంపతులు పసిఫిక్ సముద్రంలోని సమోవాలో ఉన్నప్పుడు అందులో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాదు వచ్చి తమ బంధువులకే చెప్పారు, తమ భాషలోనే. మోర్మన్ గ్రంథంలో ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో వచ్చాయి. 1993లో బెంగళూరు కేంద్రంగా మిషన్ ఏర్పడింది. బస్ స్టాపులో నా పక్కన నిలబడిన ఆ నోటుపుస్తకం కుర్రాడు ఆ వరసలో వచ్చినవాడే.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పాస్ అయిన కేసుల కంటే ఫెయిల్ అయిన కేసులే ఎక్కువ నేర్పిస్తాయని మా పనిలో తెలుస్తుంది. హవాయి, మద్రాసు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించేది ఇదే. నేర్పేదానికి పోయినవాడు ముందు చాప మీద కూర్చొని, తప్పు పలికి, దిద్దించుకోవాలి. దిద్దేవాళ్ళు నవ్వకుండా దిద్దాలి. నలిమనుయి వాకిట్లో కానన్ తప్పుల్ని పదిమంది ముందు చదివి ఎగతాళి చేసుంటే, అతను కూడా పోయిన ఆ సగం మందితో పడవ ఎక్కేవాడేమో.

మన ఇండ్లల్లో ఇప్పుడు పిల్లలు ఇంగ్లీషు మీడియం. "వీళ్ళకి తెలుగు రాదప్పా" అని పెద్దవాళ్ళు బాధపడతారు. వాళ్ళు నోరు తెరిచి ఒక్క మాట అంటే మాత్రం అందరూ గొల్లుమంటారు. నేనూ నవ్వాను. పోయిన పండక్కి మా అక్క కూతురు "అమ్మమ్మ వచ్చాడు" అంటే నవ్వితే, ఆ బిడ్డ ఆ రోజంతా ఇంగ్లీషులోనే మాట్లాడింది. నాకు ఆ ఉత్తరం గుర్తొచ్చింది.

ఇంకొక బాకీ కూడా ఉంది. మన పెద్దలు ఈ సీమకి వచ్చినప్పుడు వాళ్ళకి కన్నడం నేర్పింది ఎవరు? మా అవ్వకి బావి దగ్గర మాటలు అందించింది పక్కింటి గౌడర ఇంటి ఆడవాళ్ళు. మొదటి కాన్పుకి మా తాత ఊర్లో లేనప్పుడు పక్కన కూర్చుంది కూడా వాళ్ళే. మన వంశవృక్షంలో ఏడు తరాల మగవాళ్ళ పేర్లు ఉన్నాయి, ఆ ఆడవాళ్ళ పేరు ఒక్కటీ లేదు. పోయిన నెల అమ్మని అడిగితే చాలాసేపు ఆలోచించి రెండు పేర్లు చెప్పింది. రాసిపెట్టుకున్నాను. మీ ఇండ్లల్లో ఇంకా గుర్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈ దసరాలోగా అడిగి రాయించండి.