సూపు డబ్బాల రైలుబండి

నేటి చిత్రప్రదర్శనలలో ఒకే పటముపై కామిక్స్ చుక్కలును, వ్యాపారప్రకటనల పచ్చి రంగులును, డబ్బానుండి చిమ్మగా క్రిందికి జారిన గ్రాఫిటీ రాతలును కలగలిసి యుండుట చూచినవారు, ఇది చదువుకొన్న చిత్రకారుడెవడో వీథినుండి ఎరువు తెచ్చుకొన్న వేషమని తలంచుట కద్దు. అయితే పాప్ కళకును గ్రాఫిటీకిని కుదిరిన ఈ పొత్తునకు బీజములు పడినది చిత్రశాలలో గాక, న్యూయార్కు నగరపు భూగర్భరైలు పెట్టెల మీదనే.

పాప్ కళ పుట్టుక చాలమంది యెరిగినదే. 1962లో ఆండీ వార్హోల్ అను చిత్రకారుడు క్యాంప్‌బెల్ సూపు డబ్బాల చిత్రములను ముప్పదిరెంటిని లాస్ ఏంజిలిస్‌లో ప్రదర్శించెను. ఆ యేటి చివరనే న్యూయార్కులో సిడ్నీ జానిస్ తన చిత్రశాలయందు వార్హోల్ మొదలైన ఈ నూతనులకు పీట వేయగా, రోత్కో, మదర్‌వెల్ మొదలైన ప్రౌఢ చిత్రకారులు అలిగి ఆ శాలను విడిచిపోయిరి. అంగడిసరకును కళగా మన్నించుట వారికి అంతటి అపచారముగా దోచెను.

ఇక గ్రాఫిటీ సంగతి. రంగును చిమ్మెడి డబ్బాను ఇల్లినాయిస్ రాష్ట్రమున ఎడ్వర్డ్ సీమర్ 1949లో కల్పించెను. తరువాతి తరపు కుర్రవాండ్రు దానిని చేతబట్టి తమ మారుపేర్లను గోడలపైని, రైళ్ళపైని వ్రాయసాగిరి. టాకీ 183 అని సంతకము చేయు యువకుని గూర్చి 1971 జూలైలో న్యూయార్క్ టైమ్స్ వ్రాసిన పిదప ఆ యుత్సాహము ఇనుమడించెను. సంతకము పెరిగి పెరిగి రైలుపెట్టె నిడివి కాగా, అక్షరముల సరసన వారు తమకు ప్రియమైన కామిక్స్ బొమ్మలను, ముఖ్యముగా కామిక్స్ చిత్రకారుడు వాన్ బోడె కల్పించిన వింతపాత్రలను, దింపుకొనిరి. పాప్ చిత్రకారుడు లిక్టెన్‌స్టైన్ కామిక్స్‌ను ఇంచుక దూరమున నిలిచి, చిరునవ్వుతో, కాన్వాసుపై పెద్దవి చేసెను. ఈ పిల్లలకో, అవి ఇంటివాండ్రవంటివి, వారి గీతలో వ్యంగ్యము లేదు, మమకారమే కలదు. ఈ భేదమే నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచును.

1980లో ఫ్యాబ్ ఫైవ్ ఫ్రెడ్డీ యను బ్రూక్లిన్ యువకుడు ఒక రైలుపెట్టె పొడవునను సూపు డబ్బాలను చిత్రించి, వానిపై దాదా సూపనియు, పాప్ సూపనియు పేర్లు వ్రాసెను. వార్హోల్ అంగడినుండి చిత్రశాలకు చేర్చినదానిని ఇతడు అచ్చటినుండి లాగి, పనిపాటలకు పోవు జనుల కన్నులయెదుట పరుగులెత్తించెను. అధికారులకు మాత్రము అది కడిగివేయవలసిన మరియొక మరక.

అటుపిమ్మట కథ వడిగా నడచెను. కీత్ హేరింగ్ అను చిత్రకారుడు భూగర్భరైలు స్టేషన్లలో గడువు తీరిన ప్రకటనలను కప్పిన నల్లకాగితములపై సుద్దతో బొమ్మలు గీసెను. 1983 డిసెంబరులో అదే జానిస్ శాల క్రాష్, డేజ్, బాస్కియా మొదలైన గ్రాఫిటీ కళాకారులను లోనికి పిలిచెను. ఈసారి అలిగిపోవుటకు ఎవరును మిగులలేదు కాబోలు! 1985లో వార్హోల్, బాస్కియా కలిసి వేసిన చిత్రములు న్యూయార్కులోని షఫ్రాజీ చిత్రశాలలో వెలసినవి. వార్హోల్ వ్యాపారచిహ్నములను చేతితో దింపగా, బాస్కియా వానిపై కొట్టివేతలును, తలలును, మాటలును కుమ్మరించెడివాడు. విమర్శకులు పెదవి విరిచిరి గాని, రెండు చేతుల పెనుగులాట దాగకుండుటయే ఆ పటముల బలమని నా తలంపు. మరుసటియేడు హేరింగ్ లాఫయెట్ వీథిలో పాప్ షాప్ తెరచి, తన బొమ్మలుగల చొక్కాలను, బిళ్ళలను చవుకగా అమ్మజొచ్చెను. కళ అంగడిపాలయ్యెనని గొణిగినవారు లేకపోలేదు. అయినను 1990లో అతడు గతించిన పిదపను ఆ దుకాణము 2005 వరకు నడచెను.